ముల్లు చూపిన బావి

మొన్న మా మనవడు ఫోను నా చేతిలో పెట్టి, దిక్కులు చూపించే ముల్లు అందులో గిర్రున తిరగడం చూపిస్తే, ఎనభై ఏళ్ల కిందట తవ్విన మట్టి వాసన నా ముక్కుకు తగిలింది.

యుద్ధం రోజులవి. పుంగనూరు దగ్గర మాకు నాలుగెకరాల మెట్ట. చెనిక్కాయలు పీకే కాలంలో పొలంలోనే కంపమంట వేసి, పచ్చికాయలు కాల్చి, మసిచేతులతో బెల్లంముక్క నంజుకుంటూ తినేవాళ్లం. ఆ కాయ ఒకప్పుడు ఓడెక్కి పరాయిదేశం నుంచి వచ్చిందేనని అప్పుడు మాకెవరు చెప్పారు గనక! వరసగా రెండేళ్లు వానల్లేక ఆ కాయలూ పోయాక మా నాయనకు బావి పిచ్చి పట్టింది. సంతలో తాళాలు బాగుచేసే బాషా సాయిబు దగ్గర, మద్రాసు రేవు పాతసామాన్లలో వచ్చిన ఇత్తడి దిక్సూచి ఒకటి చూశాడు. నీళ్ల జాడ చెప్పేవాళ్ల చేతిలో వేపపుల్ల వణికినట్టే దాని ముల్లూ వణికింది. అంతే, నమ్మకం కుదిరిపోయింది.

"ఇది ఓడలోళ్లదప్పా, బావులకు కాదు," అన్నాడు సాయిబు.

"ఓడ నడిసేది నీళ్లలోనే గదా సాయిబూ!" అని నవ్వి నాయన కొనుక్కొచ్చాడు.

ముల్లు చూపినవైపే నడిచాడు. నడిచినకొద్దీ అది ఇంకా ముందుకే చూపింది. ఉత్తరపు గట్టు దగ్గర మా పొలం అయిపోయింది గనక అక్కడే గడ్డపార దించాడు. కూలీల కోసం ఎద్దుల జత అమ్మేశాడు. అమ్మా నేనూ గంపలతో మట్టి మోశాం.

ఆ నెలలోనే బళ్లో అయ్యవారు తెల్లవాళ్ల సముద్రయానాల పాఠం చెప్పాడు. ముల్లు ఎప్పుడూ ఉత్తరమే చూపుతుందట! ఆయన రోజూ మా గట్టు మీదనే ఇంటికి పోయేవాడు. నాయన చేతిలో ఆ ఇత్తడి డబ్బీ చూశాడు, గొయ్యి లోతవడమూ చూశాడు, ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కోపం నాకిప్పటికీ చల్లారలేదు.

పాఠం విన్న సాయంత్రమే పరిగెత్తుకుంటూ వచ్చి, గొయ్యిలోకి వంగి ముల్లు సంగతి చెప్పాను. నాయన గడ్డపార ఆపాడు.

"దాన్ని పట్టుకొని ఆ ఓడలోళ్లు యాడికి పోయినార్రా?"

"మన దేశానికే నాయనా, మిరియాలకు."

"సూడు మల్ల! అంత దూరం నించి వాళ్లకు మనం దొరికినాము. మనకు ఈడుండే నీళ్లు దొరకవా?"

మళ్లీ తవ్వాడు. ఎద్దులమ్ముకున్నవాడు ఆగి ఏం చేస్తాడు?

మూడు నిలువుల లోతున నల్లబండ తగిలింది. చెమ్మ కూడా లేదు. ఆ వేసవిలోనే నాయన కుప్పంలో రైలెక్కి, కోలారు బంగారు గనుల్లో తవ్వడానికి పోయాడు. నా చదువూ అంతటితో సరి. మనిషి రాలేదు, జాబూ రాలేదు. అమ్మ రెండుసార్లు కుప్పం దాకా పోయి, రైలు దిగేవాళ్ల మొహాలన్నీ చూసి తిరిగొచ్చింది.

ఇప్పుడా గట్టు లేదు. గొయ్యి పూడ్చి, మదనపల్లెకు పోయే టమోటా లారీలకు దారి వేశారు. దొరికిన పుస్తకమల్లా చదివి ఆ ఓడల నాయకుల పేర్లూ, వాళ్లు దిగిన రేవుల పేర్లూ అన్నీ నేర్చుకున్నాను. మా నాయన ఏ గనిలో దిగాడో మాత్రం ఎక్కడా రాసి లేదు.