ఇంకా పుట్టని రైఫిళ్లు

ఆస్ట్రేలియాలో మేముండే టూవూంబాలో దొరికే పచ్చిమిరపకాయలకు కారం ఉండదు. ఆకారం చూసి ఎవరో మొహమాటపడి ఆ పేరు పెట్టి ఉంటారు. అందుకే శనివారం వచ్చిందంటే మా టీమ్ లీడూ నేనూ కారులో కొండ దిగి, మన సరుకులు దొరికే సన్నీబ్యాంక్ దాకా పోయేవాళ్లం. ఆయనది హైదరాబాద్. నేను భాయ్ అనేవాణ్ని.

అది 1999, వై టూ కే రోజులు. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న కంప్యూటర్లకు శతాబ్దం నేర్పడం మా ఉద్యోగం. నా వంతుకు ఊళ్లోని చిన్న సైనిక మ్యూజియం వచ్చింది. దాన్ని చూసుకునే రిటైరైన సైనికుడు పని అయిందని సంతకం పెడితే నా వీసా కాగితాలు కదులుతాయి. పెట్టకపోతే నేను కదులుతాను.

పెద్దాయన గర్వమంతా ఒక అద్దాల బీరువా. అందులో తొలినాటి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లున్నాయి. అంతకుముందు ప్రతి గుండుకూ సైనికుడు చేత్తో బోల్టు లాగి తొయ్యాలి. వీటిలో పేలిన తూటా గ్యాసో, వెనక్కి తన్నే ఊపో ఆ చాకిరీ చేసిపెడుతుంది. కొన్నైతే తూటాలకు నూనె రాస్తేగానీ కదిలేవి కావట. రాస్తే దుమ్ము పట్టి అసలే కదిలేవి కావట. మా ప్రోగ్రాములతో చుట్టరికం కనిపించింది.

మా హెడ్ ఆఫీసు కస్టమర్లందరికీ ఒకటే సూత్రం పెట్టింది: ముప్పై లోపు అంకె ఉంటే రెండువేలు, ఆపైన ఉంటే పందొమ్మిది వందలు. బ్యాంకులకు బాగానే నడిచింది. ఈ రైఫిళ్లు మాత్రం సరిగ్గా ఆ ముప్పై ఏళ్లలోనే పుట్టాయి. 1908 నాటిది మ్యూజియం కంప్యూటర్ తెరమీది జాబితాలో 2008 అయి కూర్చుంది.

మిరపకాయలు ఏరుతూ భాయ్‌కి చెప్పాను.

"కోడ్ ఫ్రీజ్ అయింది గదా. జనవరి దాంక ఒక్క లైన్ ముట్టనియ్యరు," అన్నాడు.

"జనవరికి నా వీసా ఉండదు భాయ్."

"నేనేం జేస్త చెప్పు? ముసలాయనకు మంచిగ చెప్పి సైన్ తీస్కో. సమోసాలు పట్కపో."

పట్టుకెళ్లాను. పెద్దాయన తిన్నాడు, బాగున్నాయన్నాడు. జనవరిలో సరిచేస్తామని చెప్పాను. వీసా సంగతీ చెప్పాను. ఆయన తెర వంక చూశాడు, బీరువా వంక చూశాడు, పెన్నుకు మూత పెట్టాడు.

"మేట్, ఈ రైఫిల్ పుట్టే నాటికి నువ్వీ దేశంలో ఉండవు."