ఫుట్‌పాత్ లేని ఆ కాస్త దూరం

ఐర్లాండ్‌లో ఎన్నిస్ టౌను దాటాక వచ్చే మా చిన్న ఊరికి జర్మనీలో ఒక జంట ఊరుంది. అప్పుడప్పుడూ అక్కడివాళ్లు వస్తారు, ఇక్కడివాళ్లు తలా ఒకరిని ఇంట్లో ఉంచుకుంటారు. నాతో నర్సింగ్ హోమ్‌లో పనిచేసే పక్కింటి ఐరిష్ ఆవిడ మొహమాటపెడితే కిందటిసారి మేమూ ఒక గది ఇచ్చాం. వచ్చిన పెద్దాయన ఆ ఊరికి చాలాకాలం మన సర్పంచ్ లాంటివాడట, జీతం లేకుండా.

మర్నాడు నేను అమ్మాయిని బడికి తీసుకెళ్తుంటే ఆయనా వచ్చాడు. మా కాలనీ నుంచి బడిదాకా ఫుట్‌పాత్ లేదు. వంపు దగ్గర లారీ వస్తే ముళ్లకంచెలోకి ఒరిగి నిలబడాలి. అంతకుముందు వారమే ఒక కారు అద్దం పిల్ల బ్యాగుకి తగిలింది. అప్పట్నుంచి నాకు ప్రాణం కుదుటపడలేదు. అదేమో "ఇట్స్ గ్రాండ్, మామ్" అంటుంది, ఏం ఫర్వాలేదనడానికి ఇక్కడివాళ్ల మాట. గ్రాండట, గ్రాండు!

ఇంటికొచ్చి ఉప్మా తింటూ పెద్దాయన తన ఊరి కథ చెప్పాడు. ఒకప్పుడది చర్చి భూమి, తర్వాత ఎవరో దొరది. యుద్ధంలో సగం కాలిపోయింది. మళ్లీ కట్టుకున్నాక ప్రభుత్వం దాన్ని పక్క టౌన్లో కలిపేసి ఊరి కౌన్సిల్‌ని ఎత్తేసింది. టౌన్ సమావేశాల్లో జనం ప్రశ్నలడగడానికి కాస్త సమయం ఇస్తారట. ఊరివాళ్లు వంతులు వేసుకుని ప్రతి సమావేశానికీ వెళ్లి ఒకటే అడిగేవారట, మా బడి దారికి దీపాలెప్పుడని. చివరికి టౌన్ వాళ్లే విసుగెత్తి దీపాలు వేశారట.

"మరి మీ ఫుట్‌పాత్ కోసం ఎవరిని అడిగారు?" అన్నాడు.

"మాకు ఓటు లేదండీ. మాది ఇంకా ఇండియా పాస్‌పోర్టే."

ఆయనకి ఊరు చూపించడానికి వచ్చిన పక్కింటావిడ గుమ్మంలోనే ఆగిపోయింది. "కౌన్సిల్ ఎన్నికలకి పాస్‌పోర్టుతో పనేంటి? ఇక్కడ కాపురముంటే చాలు, పేరు రాయించుకోవచ్చు."

ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది! ఓట్లడగడానికి తలుపు కొట్టిన ప్రతివాళ్లకీ మాకు ఓటు లేదని నేనే చెప్పి, వాళ్లు నోరు తెరిచేలోపే తలుపేసుకున్నాను. ఎవరినీ తిట్టడానికి లేదు, అందుకే ఇంకా మండింది.

"వచ్చినవాళ్లం, గుట్టుగా ఉందామే" అన్నాడు మా ఆయన.

"గుట్టుగా ఉంటే కారు ఆగుతుందా? ముందు ఈ ఓటు ఫారం మీద సంతకం పెట్టండి" అన్నాను. కాలనీలో మనవాళ్ల ఇళ్లన్నీ తిరిగాను. అందరూ నాలాంటివాళ్లే. "మనకెక్కడి ఓటు ఆంటీ?" అంటే, "ఉంది, పెన్ను తియ్యి" అనేదాన్ని.

మొన్న ఎన్నికల ముందు మా కౌన్సిలర్ తలుపు కొట్టాడు. బయట వాన. బడి వదిలే వేళ, నేను బూట్లు వేసుకుంటున్నాను.

"ఓటు ఉందండీ" అన్నాను ఆయన అడక్కముందే. "ఈ కాలనీలో అందరికీ ఉంది. మీ ప్రచారం కాగితం తర్వాత ఇద్దురుగాని, నాతో బడిదాకా నడవండి."

వంపు దగ్గర లారీ రానే వచ్చింది. ఇద్దరం కంచెలోకి ఒరిగాం. ఆయన కోటు ముళ్లకి పట్టుకుంది, మొహమంతా బురద.

"రోజూ ఇంతేనా?" అన్నాడు తుడుచుకుంటూ.

"రోజూ రెండుసార్లు. మా పిల్ల మీ నడుము దాకా కూడా రాదు."

తిరిగొచ్చేటప్పుడు ఆయన ఎవరూ చెప్పకుండానే పిల్లని కంచె వైపుకి జరిపి తను రోడ్డు వైపు నడిచాడు. నా మనసు కాస్త మెత్తబడింది. అయినా గేటు దగ్గర వదల్లేదు.

"కౌన్సిల్ సమావేశం ఏ రోజు?" అన్నాను. "ఫుట్‌పాత్ పడేదాకా ప్రతిసారీ మాలో ఒకరం వచ్చి వెనక కూర్చుంటాం. వంతులు వేసేసుకున్నాం. మొదటి వంతు నాది."