కామెర్లని చెప్పుకున్న జబ్బు

గదిలో నీతోపాటు ఎవరైనా ఉంటారా అని టీబీ మందులిచ్చే నర్సమ్మ అడిగినప్పుడు, ఎవరూ లేరన్నాను. ఆ మాట అన్న పూట కూడా నేను తిని వచ్చింది, కాడుగోడిలో నాతో ఒకే గదిలో ఉండే, నేను అన్నా అని పిలిచే ఆయన వండిపెట్టిన అన్నమే.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు. బ్రూక్‌ఫీల్డ్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇతరుల తప్పులు పట్టే ఉద్యోగం నాది. ఆయన హొసకోటె ఫ్యాక్టరీలో ఫిట్టరు, కన్నడ సరిహద్దు పల్లె తెలుగువాడు, నాకంటే పదేళ్ళు పెద్ద. టీబీ బీదవాళ్ళ జబ్బని నా గట్టి నమ్మకం. మెడలో కంపెనీ కార్డు చూసి క్రిమి కాస్త మర్యాద పాటిస్తుందనుకున్నాను.

నర్సమ్మ ఓపికగా చెప్పింది. "కొన్ని క్రిములు చురుగ్గా పెరుగుతాయి, కొన్ని మూల నక్కి నిద్రపోతాయి. ఒక మందు వాటిని గోడ కట్టుకోనివ్వదు, ఇంకోటి నిద్రపోయేవాటినీ వదలదు. ఒకటే ఇస్తే దాన్ని తట్టుకున్నవి మిగిలిపోతాయి. అందుకే రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత నాలుగు నెలలు రెండు రకాలు. దగ్గు తగ్గిందని ఆపొద్దు." నిద్రపోయేవాళ్ళను ఏరిపారేయడానికి మా ఆఫీసులోనైతే ఆర్నెల్లు చాలేవి కావు.

మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడొద్దంది. కీళ్ళు నొప్పిపెట్టినా, కాళ్ళు తిమ్మిరెక్కినా, రంగులు తేడాగా కనబడినా చెప్పమంది. కళ్ళు పచ్చబడితే లివరు దెబ్బతింటున్నట్టే, వెంటనే రమ్మంది. నా కళ్ళు పచ్చబడలేదు. ఆ కబురు మాత్రం నేనే పుట్టించాను.

మొదటి వారంలోనే బాత్‌రూంలో ఆ రంగు ఆయన కంటబడింది.

"ఏమప్పా, ఇట్ల ఉండాది?"

"కామెర్లన్నా."

"ముందే చెప్పేదానికి నోట్లో ముద్ద ఉండాదా?"

ఆ రోజు నుంచి గదిలో ఉప్పు, నూనె, కారం బంద్. పథ్యం చేసేవాడి ముందర తాళింపు వేసుకొని తినడం పాపమని ఆయనా నా చప్పిడి కూడే తిన్నాడు. ప్రతి ఆదివారం హొసకోటె అవతలి పల్లె నుంచి పసరు తెచ్చేవాడు. నేను దాన్ని సింకులో పోసి, మింగినవాడిలా మొహం చిట్లించేవాణ్ణి. మాత్రలు పడక వాంతి చేసుకుంటే, "పసరు పనిచేస్తా ఉండాది" అని సంతోషపడేవాడు.

నాలుగో నెలకు నేను ఒళ్ళు చేశాను. ఆయన చిక్కిపోయాడు, దగ్గు పట్టుకుంది. దగ్గు ఫ్యాక్టరీ దుమ్ము వల్ల, చిక్కడం చప్పిడి తిండి వల్ల అన్నాడు. అవునన్నాను. ఇతరుల తప్పులు పట్టడమే నా ఉద్యోగమని ముందే మనవి చేసుకున్నాను.

ఒక సాయంత్రం ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి, గడప దాటకుండా, మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకొని నిలబడ్డాడు.

"నాకు టీబీ అంటప్పా. దాపెడితే నీకు మోసం. ఒకే గదిలో ఉండాము, నీకూ అంటిచ్చినానేమో. రేపే పోయి పరీక్ష చేపిచ్చుకో. అసలే కామెర్లతో నలిగిన ఒళ్ళు నీది."

నేను లేచి గడప బయటికి, ఆయన దగ్గరికి వెళ్ళాను.

"అన్నా, నాకు కామెర్లు రాలేదు. నాది టీబీనే. నాలుగు నెలలుగా మందులు మింగుతున్నాను. గదిలో నేనొక్కణ్ణే ఉంటానని ఆసుపత్రిలో అబద్ధం చెప్పాను. నీ సంగతి చెప్పుంటే నిన్ను అప్పుడే పరీక్ష చేసేవాళ్ళు. నీకిది నా నుంచే వచ్చుంటుంది. తప్పు నాదన్నా, నన్ను క్షమించు."