ఎడ్లు తొక్కిన గడ్డి

రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుండగా, వరి కోతలు ముగిసే రోజుల్లో నన్ను జగదల్‌పూర్ దగ్గర ఒక పార్టికల్ బోర్డు కర్మాగారానికి క్వాలిటీ కంట్రోల్ మేనేజరుగా వేశారు. బస్తర్ నాకు కొత్త కాదు. మా నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి కిరందూల్ రైలు లైనులో గ్యాంగ్‌మన్‌గా పనిచేశాడు. కొత్తదల్లా వరిగడ్డి.

అప్పటిదాకా మేం యూకలిప్టస్ కర్రను ముక్కలు చేసి, ఎండబెట్టి, జిగురు కలిపి, వేడి ప్రెస్సులో నొక్కి బల్లలు చేసేవాళ్లం. ఇకపై సగం కర్రకు బదులు వరిగడ్డి వాడాలన్నది పై వాళ్ల ఆలోచన. జనరల్ మేనేజరు మూడు ట్రయల్స్‌కే అనుమతి ఇచ్చారు. మూడోదీ పోతే దోర్నపాల్‌లో తెరిచిన గడ్డి సేకరణ కేంద్రం మూసెయ్యాలి.

ఆ కేంద్రం కాగితం మీద మాది. నడిపేది మాత్రం ఆ ఊరి సోమమ్మ, ఆమె వెంట ఉన్న పదిహేనుమంది ఆడవాళ్లు. ఏటా కోతలు కాగానే వాళ్లంతా భద్రాచలం అవతలికి మిర్చి ఏరడానికి పోయేవారు. వెంట వెళ్లిన పిల్లలకు ఆ రెండు మూడు నెలలూ బడి ఉండేది కాదు. ఆ ఏడు గడ్డి పని ఉందని ఆగారు. కేంద్రం మూస్తే, కూలీలను తీసుకుపోయే మిర్చి బండి మళ్లీ ఎక్కాల్సిందే.

గడ్డి ఎలా ఉండాలో నిబంధనలు రాసి కేంద్రం ముందు బోర్డు పెట్టించింది నేనే. పొడవుగా, శుభ్రంగా, మెరుస్తూ ఉండాలి. ఎడ్లతో తొక్కించిన గడ్డి తీసుకోబడదు. ఊరికే రాయలేదు. తొక్కిన గడ్డిలో మట్టి, పేడ ఉంటాయి. ఇసుక మా మిల్లు కత్తుల పదును తినేస్తుంది. కట్టలను బల్లకేసి కొట్టి నూర్చిన గడ్డయితే నిగనిగలాడుతూ వచ్చేది. చూసి మురిసిపోయేవాణ్ణి.

మొదటి ట్రయల్‌లో ప్రెస్ తెరవగానే బల్ల మధ్యకు విచ్చుకుంది. జిగురు పాళ్లు పెంచాను. రెండోసారి బల్ల చూడటానికి బాగానే ఉంది గానీ పట్టు పరీక్షలో తేలిపోయింది. ఆ పరీక్షలో చిన్న చదరపు ముక్కకు పైనా కిందా ఇనుప దిమ్మలు అంటించి, యంత్రంతో రెండు వైపులకూ లాగుతారు. ఉండాల్సిన బలంలో సగానికే మా ముక్క రెండు పలకలైంది. ప్రెస్ ఆపరేటరు అప్పారావు చూసి, "ఇది బల్ల కాదు సార్, అప్పడం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అన్నది నిజం కాబట్టి ఇంకా మండింది.

తప్పు గడ్డిదే అనుకున్నాను. విరిగిన ముక్క పట్టుకుని జీపులో దోర్నపాల్ వెళ్లి సోమమ్మ మీద విరుచుకుపడ్డాను. నీళ్లు చల్లి బరువు పెంచుతున్నారా అని కూడా అడిగేశాను. నోరు జారాక తేమ మీటరు పెట్టి చూస్తే గడ్డి అంతా పొడిగా ఉంది.

ఆమె నా చేతిలోని విరిగినదాన్ని తీసుకుంది. ముక్కను అటూ ఇటూ తిప్పి, గోటితో ఒక పరకను లేపింది. అది జిగురు మరక కూడా లేకుండా మెరుస్తూ ఊడి వచ్చింది.

"ఏంది సారూ ఇది? మెరిసే గడ్డి ఇంటి మీద కప్పుతం, వాన నీళ్లు జారిపోవాలని. గోడ మట్టిల ఎడ్లు తొక్కిన గడ్డే కలుపుతం. మెరిసేది కలిపితే మట్టి పట్టదు, గోడ పెచ్చులూడుద్ది. మరి నీ జిగురు ఎట్ల పట్టుద్ది?"

వరి పరక మీద సన్నటి మైనపు పొర ఉంటుందని నేను చదువుకున్నవాణ్ణే. మా జిగురు నీళ్లతో కలిపేది; మైనం మీద నిలవదు. మా మిల్లు పరకను పొట్టిగా తరిగేదే గానీ చీల్చేది కాదు. ఎడ్ల గిట్టలు దాన్ని నలిపి నిలువునా చీలుస్తాయి. అప్పుడు మెత్తటి లోపలి భాగం బయటపడుతుంది, జిగురు అక్కడ పట్టుకుంటుంది. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉండి ఇది తట్టనందుకు సిగ్గేసింది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వే వద్దని బోర్డు మీద రాస్తివి గదా. వద్దన్నోనికి ఏం చెప్తం?"

మూడో ట్రయల్‌కు తొక్కిన గడ్డే తెప్పించాను. మట్టీ పేడా పోయేలా రెండుసార్లు జల్లెడ పట్టించాను. జిగురు మళ్లీ మొదటి పాళ్లకే తగ్గించాను. అప్పారావు వద్దని మొత్తుకున్నా వినలేదు. అప్పటికి నాకు అనుమానం లేదు. ప్రెస్ తెరుచుకుంది, బల్ల విచ్చుకోలేదు. పరీక్షలో ముక్క ప్రమాణం దాటాక గానీ తెగలేదు. కేంద్రం కొనసాగించమని మర్నాడే ఉత్తర్వు వచ్చింది. తర్వాత ఏ గడ్డినైనా నలిపి చీల్చే రోలర్లు మిల్లు ముందు పెట్టించాం.

ఉత్తర్వు పట్టుకుని దోర్నపాల్ వెళ్లాను. నీళ్లు చల్లారా అన్నందుకు అందరి ముందూ క్షమించమన్నాను. "సరే గానీ, ముందు ఆ బోర్డు మార్చు సారూ" అంది సోమమ్మ. 'తీసుకోబడదు' అన్న మాట కొట్టేసి పక్కన సంతకం చేసేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. ఆ వారమే మిర్చి బండి వచ్చింది. వీళ్లలో ఒక్కరూ ఎక్కలేదు.

సరుకు ఎలా కనబడాలో రాసే ముందు, దాన్ని రోజూ వాడేవాళ్లు ఏది దేనికి వాడుతున్నారో అడగాలి. ఆ తర్వాత నేను రాసిన ఏ నిబంధనైనా అడిగాకే రాశాను.