అల్లుడి హాస్యానికి నవ్వని ఊరు

ఆ రోజుల్లో నాటకానికి వెళ్లేవాళ్లలో కొందరు పద్యాల కోసం వెళ్లేవారు, కొందరు రాజుల కిరీటాలు చూడడానికి వెళ్లేవారు. నేను మాత్రం బపూను కోసం వెళ్లేవాణ్ణి. (నవ్వుకోవడానికి అనుకునేరు, కాదు.) తెర వెనక రాజులు ముఖాలకు రంగు పూసుకునేంతసేపూ ఆ బపూను ఒక్కడే తెర ముందు నిలబడి జనాన్ని నవ్వించాలి. జనం నవ్వకపోతే వాడి అవస్థ చూసి తీరాలి. నోరెండిపోయి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఉన్నట్టుండి పల్టీ కొట్టేవాడొకడు, తన చెంప తానే వాయించుకునేవాడొకడు. పుత్తూరు, కార్వేటినగరం వైపు అట్లా మునిగిపోయిన బపూనులను ఎందరినో చూసి ఆనందించిన పాపాత్ముణ్ణి నేను. అందులో వాడికెంత నరకం ఉంటుందో, సొంత బావ మునిగేదాకా నాకు తెలియలేదు.

బావ అంటే మా అక్క మొగుడు, రైల్వేలో టిక్కెట్లిచ్చే గుమాస్తా. వడమాలపేట దగ్గర మా పల్లెకు వచ్చి ఆకు ముందు కూర్చున్నాడంటే, తొలి ముద్ద దిగకముందే హాస్యం మొదలయ్యేది. అల్లుడు హాస్యమాడితే అత్తగారింట్లో నవ్వకపోవడమనే మర్యాద తక్కువ పని మా వైపు ఎవరూ చేసి ఎరగరు. మా నాయన రెక్కలు ముక్కలు చేసుకునే సేద్యగాడు, నవ్వడం ఆయనకు అలవాటు లేని పని. అయినా అల్లుడి కోసం "హ... హ్హ... హా" అని మూడు ముక్కలుగా నవ్వి, వెంటనే దగ్గేవాడు. అమ్మ తలుపు చాటున కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది (ఆ కొంగు వెనక నవ్వుందో లేదో దేవుడికే తెలియాలి). తిరుపతిలో బట్టల కొట్టులో కొత్తగా పనికి కుదిరిన నేను, బేరానికి వచ్చినవాళ్ల ముందు నవ్వే నవ్వే ఇక్కడా నవ్వేవాణ్ణి.

ఇంట్లో ఇట్లా ఉంటే, స్టేషన్లో ఇంకా మేలు. అది యుద్ధం రోజులు. టిక్కెట్టు దొరకడమే గగనం. కిటికీలోంచి బావ ఏం చెప్పినా బయట వరుసలో ఉన్నవాళ్లు పొట్టలు పట్టుకొని నవ్వేవాళ్లు. టిక్కెట్టు కావలసినవాడు నవ్వక ఏం చేస్తాడు? అట్లా నవ్విన వాళ్లలో ఒక నాటకం కంపెనీ యజమాని ఉన్నాడు. ఆయన కంపెనీలో ఉన్న బపూను యుద్ధానికని పటాలంలో చేరిపోయాడట. బావను చూసి, "సామీ, మీరుండాల్సింది ఈ కిటికీలో కాదు" అన్నాడట. అంతే, బావ ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. పుత్తూరులో ఒక ఆట ఆడి చూస్తాడట, జనం మెచ్చితే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి కంపెనీతో ఊళ్లు తిరుగుతాడట.

అక్క చంటిబిడ్డను చంకనేసుకొని ఏడుస్తూ దిగింది. "నాయనా, ఆయన నౌకరీ ఇడిసిపెడితే నేనూ ఈ బిడ్డా యాడికి పోవాల? రంగు పూసుకునే వాళ్లతో ఊరూరూ తిరగమంటారా?"  నాయన మమ్మల్నందరినీ పిలిచి, "అందరమూ పోతాం. ముందర కూసుంటాం. ఒక్కరు గూడా నగగూడదు. నోట్లో పండ్లు కనపడినాయంటే సూడండి, బండి దింపేసి వస్తా" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచి అల్లుడి కోసం నవ్వీ నవ్వీ అలిసిపోయిన మాకు ఆ ఆజ్ఞ వరంలాగే తోచింది.

కిరసనాయిలు కరువు కాబట్టి ఆట పొద్దు గూకకముందే మొదలుపెట్టారు. తెర ముందుకు బావ వచ్చాడు. ముక్కుకు ఎర్రరంగు, కాళ్లకు పొట్టి లాగు, నెత్తిన గంపంత టోపీ. తన పేరుమోసిన అరటిక్కెట్టు కథ ఎత్తుకున్నాడు. ఒకాయన పెండ్లానికి అరటిక్కెట్టు అడుగుతాడు, ఎందుకయ్యా అంటే, "దారంతా నిద్రపోతాది సామీ, ఊళ్లేవీ చూడదు గదా" అంటాడు. ఇదీ కథ. కంగారులో బావ చివరి మాట ముందే చెప్పేసి, అందులో నవ్వు ఎక్కడుందో వివరించడం మొదలుపెట్టాడు. ఎవరూ కిక్కురుమనలేదు. మా వెనక ఒక ముసలామె, "ఈయప్ప కత సెప్తా ఉండాడా, టిక్కెట్లు అమ్ముతా ఉండాడా?" అని అడిగింది. ఇంకెవరో నిజంగానే లేచి, "సామీ, అరక్కోణం బండి ఎన్నింటికి?" అన్నాడు. బావ అలవాటు కొద్దీ వేళ చెప్పేశాడు! ఇంకేముంది, "తిరుత్తణిలో నిలుస్తాదా?" అని ఒకరు, "మేకను ఎక్కించనిస్తారా?" అని ఇంకొకరు. బావ అన్నిటికీ శ్రద్ధగా జవాబిచ్చాడు. అడిగేవాళ్లు అయిపోయారు. "పరదా లాగండప్పా, రాజును పంపీండి!" అని ఒక కేక. 

బావ చెమటకు ముక్కు మీది ఎరుపు కారి పెదవుల మీదికి వచ్చింది. పల్టీ కొట్టడం ఆయనకు రాదు. అట్లాగే నిలబడిపోయాడు. అక్క తల వంచుకుంది. మేం కోరుకున్నది జరుగుతూనే ఉంది, కానీ ఒక్కరికీ సంతోషం లేదు. 

అప్పుడు వినిపించింది. "హ... హ్హ... హా!" ఆ వెంటనే దగ్గు.

నవ్వింది మా నాయనే! పండ్లు కనపడితే చూడండి అన్న మనిషి, అల్లుడి ముఖం చూడలేక, అంత జనంలో ఒంటరిగా నవ్వాడు. బావ ఉలిక్కిపడి మా వైపు చూశాడు. ఆ నవ్వును ఆయన గుర్తుపట్టాడు. అన్నం తినేటప్పుడల్లా విన్న నవ్వే కదా! ఆయన ముఖంలో ఏదో మెల్లగా తెల్లవారింది. గొంతులో వేషం లేకుండా, మామూలుగా అడిగాడు:

"ఏం మామా, ఇంట్లో గూడా ఇట్లానేనా మీరు నగేది?"

నాయనకు అబద్ధం చేతకాదు. "ఏం జేయమంటావు అల్లుడా! పిల్లనిచ్చినాను గదా!" అన్నాడు.

పందిరి కూలిపోతుందేమో అన్నంతగా జనం నవ్వారు. అల్లుళ్లున్న ప్రతి మామా నవ్వాడు, మామలున్న ప్రతి అల్లుడూ నవ్వాడు. ఆడవాళ్లు కండ్లు తుడుచుకున్నారు. తలుపు చాటు లేకపోయేసరికి మా అమ్మ బాహాటంగా నవ్వింది. అక్క నవ్వుకు చంకలో బిడ్డ అదిరిపడి లేచింది. తెర ముందు బావ కూడా, టోపీ తీసి చేతబట్టుకొని, వంగి వంగి నవ్వాడు.

నాటకం యజమాని పరిగెత్తుకొని వచ్చి, "సామీ, రేపు నగిరిలో ఆట! మీ మామను గూడా పిల్చుకోని రాండి!" అన్నాడు. నాయన ముఖం వాడిపోయింది. నవ్వి చెడగొట్టుకున్నానే అని ఆయన బాధ. బావ ఆ టోపీని యజమాని చేతిలో పెట్టి, "రేపు నాకు డూటీ ఉండాదప్పా" అన్నాడు. అక్క బిడ్డను ఆయన చేతికిచ్చి, కొంగుతో ఆ ముక్కు రంగు తుడిచింది. బండిలో వస్తూ బావ, "ఇంక మీదట నగు వస్తేనే నగండి మామా, నాకేం కోపం లేదు" అన్నాడు. నాయన అమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. ఆ తర్వాత మా ఇంట్లో భోజనాలు చాలావరకు మౌనంగానే సాగాయి. ఎప్పుడో ఒకసారి నాయన పొలమారేట్టు నవ్వితే, బావ ఆ నెలంతా అందరికీ చెప్పుకునేవాడు.

ఇప్పుడు నేనూ మామనే. పండక్కి వచ్చిన అల్లుళ్లకు ఈ కథ చెబుతుంటాను. (నిరుడూ చెప్పాను, అంతకుముందూ చెప్పాను.) వాళ్లు పడీపడీ నవ్వుతారు, చిన్నవాడైతే నవ్వాక కాస్త దగ్గుతాడు కూడా. బావ అడిగినట్టు వాళ్లను అడగాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఈ వయసులో ఎందుకులెండి, నవ్వుతున్నారు గదా!