సోమవారానికి రాసుకున్న పని

పదవీ విరమణ చేసి పన్నెండేళ్లయినా ఆఫీసు అలవాటు నన్ను వదల్లేదు. చేయవలసిన ప్రతి పనినీ డైరీలో ఒక తేదీ కింద రాస్తాను. ఆ రోజు కుదరకపోతే పై వారానికి మారుస్తాను. రాశాక మనసుకు నిశ్చింత. పని సగం అయిపోయినట్టే ఉంటుంది.

వానాకాలం మొదట్లో కారులో స్టీరింగు ముందు బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది. రేపల్లె నుంచి తెనాలి వెళ్లి కొత్త బ్యాటరీ వేయించాను. దీపం ఆరీ ఆరనట్టే ఉంది. మెకానిక్ ఇంజను మీదికి వంగి చూశాడు.

"బ్యాటరీది కాదు బాబాయ్ గారూ, ఆల్టర్నేటర్ పోతోందండి. ఛార్జింగ్ ఒకసారి ఎక్కుతోంది, ఒకసారి లేదు. అది ఎక్కకపోతే కొత్త బ్యాటరీ మాత్రం ఎంతసేపు లాగుద్ది? బండి ఉంచెయ్యండి, రేపు ఇస్తా."

బస్సులో ఇంటికి వెళ్లడం ఇష్టం లేక, సోమవారం తెస్తానన్నాను. ఆ పేజీలో 'ఆల్టర్నేటర్' అని రాశాను. ఆ సోమవారం వాన. తర్వాతి సోమవారం ఒక పెళ్లి. మార్చి మూడో సోమవారం కింద రాశాను.

ఈలోగా శనివారం ఉదయం, మా అక్కని చేర్చిన బాపట్ల ఆసుపత్రి నుంచి మేనకోడలు ఫోన్ చేసింది.

"మావయ్యా, అమ్మ నిన్నే అడుగుతోంది. మాట ఉండగానే రా."

మా అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నా భార్య జ్వరంతో మంచం మీద నుంచే, "బస్సుకి పోండి, ఆ కారుని నమ్మకండి" అంది. కొత్త బ్యాటరీయే కదా అన్నాను.

చెరుకుపల్లి దాటాక వాన అందుకుంది. కాసేపటికి వైపర్లు నెమ్మదించాయి. హారను మూలిగింది. కర్లపాలెం ఇంకా రెండు మైళ్లుండగా ఇంజను ఆగిపోయింది.

వెనకే వచ్చిన బాపట్ల బస్సు ఆగింది. "ఎక్కండి బాబాయ్ గారూ! కారుని ఎవడెత్తుకుపోతాడు, కదిలితేగా?" అన్నాడు కండక్టరు. బస్సులో నవ్వారు. బండిని రోడ్డు మీద వదిలేసి పోవడం నాకు పద్ధతిగా తోచలేదు. వద్దన్నాను.

ఒక ట్రాక్టరాయన తన బ్యాటరీ నుంచి వైర్లు తగిలించి స్టార్ట్ చేయించాడు. వైర్లు తీశాక ఐదు నిమిషాలు నడిచి మళ్లీ ఆగింది. తర్వాతి బస్సు గంటన్నరకు గానీ రాలేదు. కారుని అక్కడే వదిలి అదెక్కాను.

నేను వెళ్లేసరికి అక్క కళ్లు మూసి ఉంది.

"ఇందాకటిదాకా మాట్లాడింది మావయ్యా. తమ్ముడు తినకుండా వస్తాడు, వాడికి అన్నం పెట్టండి అంది" అని మేనకోడలు ఏడ్చింది.

"అక్కా, వచ్చానే" అన్నాను. చేయి వెచ్చగానే ఉంది. కళ్లు తెరవలేదు. ఆదివారం మధ్యాహ్నం పోయింది.

ఇంటికొచ్చాక డైరీ తీసి, ఆదివారం కింద అక్క పోయిన సంగతి రాశాను. ఎదుటి పేజీలో సోమవారం పని, నా చేతిరాతలోనే, ముందే ఉంది. దాన్ని కొట్టెయ్యలేదు. పై వారానికి మార్చనూ లేదు. కారు కర్లపాలెం ఇవతల వానలో అలాగే ఉంది.