ముప్పై అడుగుల నీళ్ల కింద తువ్వాలు బేరం

దెయ్యాల్ని వదిలించే సామాను సమస్తం మా కొట్లో అమ్మేవాళ్లం. నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు, కర్పూరం, బూడిద గుమ్మడికాయ, నల్లతాడు. రాయగడ బజారులో ఏ ఇంట్లో ఎవరికి గాలి సోకినా చీటీ మా కొట్టుకే వచ్చేది. అమ్మేవాడికి ఆ సరుకు మీద నమ్మకం ఉండదు. మా ఇంట్లో ఎవరికీ ఏ దెయ్యమూ పట్టలేదు. పట్టి ఉంటే మా నాన్న దానికి మినుముల్లో రాళ్లు ఏరే పని అప్పజెప్పి ఉండేవాడు.

కాబట్టి ఇది నమ్మకం కొద్దీ రాస్తున్నది కాదు. బేరంలో నేను అబద్ధాలాడతాను. తూకంలో ఆడను. ఇది తూకం అనుకోండి.

మాది బొబ్బిలి వైపు. తాత కాలంలో రాయగడ చేరి కిరాణా కొట్టూ, చింతపండు, పసుపు టోకు వ్యాపారమూ పెట్టుకున్నాం. నేను మూడో కొడుకుని. గల్లాపెట్టె దగ్గర ఇద్దరన్నలు కూర్చున్నాక మూడోవాడికి చోటు మిగల్లేదు. డెబ్బైల చివర్లో, లమ్తపుట్ అవతల కొండల మధ్య కట్టిన జలాశయం ప్రాజెక్టులో స్టోర్సు గుమాస్తాగా చేరేను. టెంపరరీ.

డ్యాము గేట్ల దగ్గర నీళ్లలోకి దిగి పనిచేసేవాళ్లకి ఏదైనా అయితే పైకి తెచ్చేందుకు రెస్క్యూ డైవర్లు కావాలని ఒకరోజు నోటీసు పెట్టేరు. తర్ఫీదు పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఉద్యోగం పర్మినెంటు. చిన్నప్పుడు నాగావళిలో ఈదినవాణ్ణి. పేరిచ్చేను.

నేర్పించే కురియన్ సారు నేవీలో రిటైరైన మలయాళీ. హిందీలో మాట్లాడేవారు, ఇంగ్లీషులో తిట్టేవారు. మొదటి రోజే, ఊపిరి బిగబట్టి నీళ్లలో నిమిషమున్నర ఉండాలన్నారు. నేను ముప్పావు నిమిషం దగ్గర మొదలెట్టి, నిమిషానికి ఒప్పుకుంటానన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి రెండు నిమిషాలన్నారు.

"ఇక్కడ ఫిక్స్‌డ్ రేట్, సేఠ్."

బేరమాడి ధర పెంచుకున్నవాణ్ణి మా వంశంలో నేనొక్కణ్ణే.

నా జోడీ సింహాచలం. శ్రీకాకుళం అవతల సముద్రం ఒడ్డు పల్లె మనిషి, ప్రాజెక్టులో వెల్డరు. నడక కంటే ముందు ఈత వచ్చినవాడు. నన్ను పేరు పెట్టి పిలవలేదెప్పుడూ.

"సావుకారూ, ఈ సిలిండర్లో గాలి సరిగ్గా తూసేవా? పైనొక గుప్పెడు తీసీసి దాసుకున్నావేటి?"

"నీకిచ్చేదే కొసరు గాలి. అసలు గాలి ఆఫీసర్లకి" అనేవాణ్ణి.

నీళ్లలో వెతకడం నేర్పేందుకు ఒక గోనెబస్తాలో ఇసక నింపి, ఖాకీ చొక్కా, లాగూ తొడిగి అడుక్కి దింపేవారు. అదే మునిగిపోయిన మనిషి. సింహాచలం దానికి 'అల్లుడుగారు' అని పేరు పెట్టేడు. ఉలకడు, పలకడు, మనమే మోసుకురావాలి అని.

ఇక్కడ మా వ్యాపారంలో సంగతొకటి చెప్పాలి. కాశీపూర్ సంతలో చింతపండు దిగే రోజుల్లో మా నాన్న ధర నోటితో చెప్పేవాడు కాదు. అవతలి దళారీ, తనూ చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుకునేవారు. ఆ గుడ్డ కింద వేళ్లు మాట్లాడుకునేవి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, మూడు వేళ్లు కలిపి నొక్కితే మూడు. ఒప్పుకోకపోతే అవతలివాడి వేళ్లు వదిలించుకుని నీ లెక్క నువ్వు నొక్కాలి. చుట్టూ నిలబడ్డవాళ్లకి ఇద్దరి మొహాలే కనబడేవి. ఈ విద్య నాకు పదేళ్లకే వచ్చు. సింహాచలానికి రాదు. ఒకసారి నేర్పబోతే, "సేపలకి నోరుంది, మీకు లేదేటి?" అని నవ్వేడు. కురియన్ సారుకి ఇలాంటిదొకటి ఉందనే తెలీదు.

ఆఖరి పరీక్ష వానలు మొదలైన కొత్తలో, పొద్దున్న పదింటికి పెట్టేరు. కొండల మీది ఎర్రమట్టంతా నీళ్లలోకి దిగింది. పది అడుగుల కిందికి వెళ్తే కళ్లు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. మేం దిగాల్సింది ముప్పై అడుగులు.

వెతికే పద్ధతి ఇది. అడుగున ఒక ఇనుప దిమ్మ. దానికి కట్టిన పొడుగాటి తాడు. ఆ తాడుకి బారకొక బుడిపె. మొదటి బుడిపె పట్టుకుని దిమ్మ చుట్టూ ఒక చుట్టు తిరగాలి. దొరక్కపోతే రెండో బుడిపెకి జరిగి ఇంకా పెద్ద చుట్టు. చీకట్లో విడిపోకుండా జోడీ ఇద్దరి మణికట్లకీ కలిపి ఒక చిన్న తాడు.

ఆ చిన్న తాడు కట్టింది నేను. సింహాచలం రెండు చేతులకీ రబ్బరు గ్లవ్స్ తొడుక్కున్నాడు, వెల్డింగులో కాలిన చోట నీళ్లు తగిలితే మండుతుందని. నా సైజువి స్టోర్సులో లేవు. స్టోర్సు గుమాస్తాని నేనే, ఎవర్ని తిట్టను? నావి ఉత్తి చేతులే. గ్లవ్స్‌తో ముడి వెయ్యలేక అతను చెయ్యి చాపేడు. నా మణికట్టుకి కురియన్ సారు నేర్పిన ముడి వేసుకున్నాను. అతనిది కట్టేటప్పుడు మాటల్లో పడి, పాతికేళ్లుగా నా వేళ్లకి అలవాటైన ముడి వేసేను. పంచదార పొట్లానికి వేసే ముడి. కొస లాగితే విడిపోతుంది. ఇల్లాళ్లకి సుళువుగా ఉండాలని కనిపెట్టిన ముడి అది.

నేను వేసింది అదేనని పైన ఉన్నంతసేపూ నాకు తెలీదు.

దిగేం. ఒకటో చుట్టు, రెండు, మూడు, నాలుగు. అల్లుడుగారు దొరకలేదు. అయిదో బుడిపె పట్టుకుని సగం చుట్టు తిరిగేసరికి నా మణికట్టు తేలికైపోయింది. చిన్న తాడు లాగితే ఉత్తి తాడు వచ్చింది. కొస తడిమేను. తెగలేదు, నలగలేదు. విప్పిన పొట్లం దారంలా నున్నగా ఉంది.

నేనేం చేసేనో అప్పుడు తెలిసింది.

కాసేపు అటూ ఇటూ చెయ్యి చాపి తడిమేను. బురద తప్ప ఏమీ లేదు. ఇంతలో గాలి పీల్చడం కష్టమైంది. ఆ కాలపు సిలిండర్లకి ఎంత మిగిలిందో చూపించే గడియారాలు లేవు. ఊపిరి బిగిసినప్పుడు వీపు పక్కనున్న కడ్డీ లాగితే ఆఖరి నాలుగు నిమిషాల గాలి వదులుతుంది. కడ్డీ లాగినవాడు ఇంక వెతక్కూడదు, పైకి రావాల్సిందే. అది కురియన్ సారు మొదటి రూలు. నేను లాగేను. సింహాచలం కూడా ఈపాటికి లాగే ఉంటాడు. నేను పైకెళ్లి చెప్పి, సారు సామాను తగిలించుకుని దిగేసరికి అతనికి గాలుండదు.

ఎడమచేత్తో అయిదో బుడిపె పట్టుకుని, కుడిచెయ్యి ముందుకి చాపి ఉన్నాను. ఆ చేతిని ఎవరో పట్టుకున్నారు.

సింహాచలమే అనుకుని ప్రాణం లేచొచ్చింది. కానీ చేతికి గ్లవ్ లేదు. గరుకు అరచెయ్యి. వెచ్చగా ఉంది. నా చేతులు చలికి మొద్దుబారి ఉన్నాయి కనక ఆ వెచ్చదనం బాగా తెలిసింది. ఆ వెంటనే మా ఇద్దరి చేతుల మీదా ఒక గుడ్డ పడింది. మణికట్టు దాకా కప్పింది.

గుడ్డ కింద ఆ చెయ్యి నా మూడు వేళ్లు కలిపి నొక్కింది.

ఇప్పుడు రాసేది చదివి నవ్వుకోండి, నేనేమీ అనుకోను. నేను బేరమాడేను. ఎవరు నువ్వు అని భయపడాల్సిన చోట, వేళ్లు విదిలించుకుని నాలుగు నొక్కేను. సింహాచలం విడిపోయింది అయిదో చుట్టులో. ఉంటే అయిదు దగ్గర ఉండాలి, మహా అయితే నాలుగు. మూడో చుట్టు ఎప్పుడో తిరిగేసేం. ఇదంతా అప్పుడు లెక్కగట్టేనని చెప్పను. ఎవడైనా మూడంటే నాలుగనడం నా రక్తంలో ఉంది, అంతే.

ఆ చెయ్యి నా నాలుగుని తోసేసింది. మళ్లీ మూడు. ఈసారి ఎముకలు కలుక్కుమనేలా నొక్కింది. మా నాన్న సహా ఏ వ్యాపారీ అంత ఖాయంగా ధర చెప్పగా నేను చూడలేదు. ఆ తరవాత గుడ్డా లేదు, చెయ్యీ లేదు.

తాడు పట్టుకుని మూడో బుడిపెకి వెనక్కి వచ్చేను. చెయ్యి ఏ వైపు నుంచి వచ్చిందో ఆ వైపుకి తిరిగేను. నాలుగు బారలైనా పోకుండానే సింహాచలం కాలికి తొడుక్కున్న రబ్బరు రెక్క నా మొహానికి తగిలింది.

పాత చేపల వలొకటి ప్రవాహానికి కొట్టుకొచ్చి ఉంది. మేం మూడో చుట్టు తిరిగినప్పుడు అది అక్కడ లేదు. నా కోసం తడుముకుంటూ దిమ్మ వైపుకి వెళ్లి అతను ఆ వలలో పడ్డాడు. సిలిండరూ, రెండు చేతులూ మోచేతుల దాకా చిక్కుకున్నాయి. కత్తి తీసి కోసేను. చేతులు బయటికి రాగానే అతను గొంతు మీద అడ్డంగా గీత గీసి చూపించేడు. నా చెయ్యి పట్టుకుని తన గొంతు మీద గీయించేడని చెప్పాలి, కనబడదు కాబట్టి. గాలి లేదని గుర్తు. నా నోట్లోని గాలి గొట్టం తీసి అతని నోట్లో పెట్టేను. రెండు గుక్కలు అతను, రెండు గుక్కలు నేను. అలా పైకొచ్చేం. పడవ అంచు పట్టుకునేసరికి నా సిలిండరు కూడా ఖాళీ.

పడవలో ఉన్నది ఇద్దరే. కురియన్ సారు, పడవ తోసే ముసలాయన, ఆ కొండల్లోని దేశియా మనిషి. సారు ఒంటి మీది ఖాకీ బట్టలు ఇస్త్రీ నలగకుండా ఉన్నాయి. ఆ పొద్దున్న మేం ఇద్దరం తప్ప నీళ్లలోకి ఎవరూ దిగలేదు. దిగడానికి మూడో సిలిండరు పడవలోనే ఉంది, మూత బిగించినది బిగించినట్టే.

"మూడో చుట్టు అయిపోయింది కదా, మళ్లీ అక్కడికెందుకు వెళ్లేవు?" అని సారు అడిగేరు.

"అనుమానం వచ్చింది సార్" అన్నాను.

ఆయన నా మొహం నుంచి చేతికి చూపు దించేరు. నా మణికట్టుకి వేలాడుతున్న చిన్న తాడు రెండో కొస చూసేరు. పొట్లం ముడి సంగతి నేనే ఒప్పుకున్నాను. ఆ పరీక్షలో నన్ను ఫెయిల్ చేసేరు. నెల్లాళ్లు రోజూ వంద ముడులు వేయించి, మళ్లీ పరీక్ష పెట్టి పాస్ చేసేరు. సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగమూ పర్మినెంటు అయింది. ఆ తరవాత ఆ జలాశయంలో ఎన్నోసార్లు దిగేను. ఏ చెయ్యీ నన్ను పట్టుకోలేదు.

మేం దిగిన చోట నీళ్లు రాక ముందు వారం వారం సంత జరిగేదని పడవ ముసలాయన ఒకసారి తన దేశియా భాషలో చెప్పేడు. దాన్ని రుజువుగా చూపించను. ఆ సంతలో ఎవరూ మునిగి చావలేదు. నీళ్లు రావడానికి ముందే అందరూ కావిళ్లు ఎత్తుకుని పైకి వెళ్లిపోయేరట.

చదువుకున్నవాళ్లని అడిగేను. గాలి చాలక మెదడు ఏదో ఊహించుకుందన్నారు. అప్పటికి నా కడ్డీ లాగి నిమిషమైనా కాలేదు, గాలి బాగానే ఉంది. లోతు వల్ల మత్తు అన్నారు. ముప్పై అడుగులకి మత్తు రాదని కురియన్ సారు పాఠంలోనే ఉంది. నా రెండో చేత్తో నేనే పట్టుకున్నానేమో అన్నాడు మా రెండో అన్న. నా రెండో చేతిలో తాడుంది. ఊహే అయితే, నాకు తెలీని మూడు నాకెలా తెలిసింది?

ఇంతవరకూ అయితే, పోనీలే, ఏదో అయిందని వదిలేసేవాణ్ణి.

మర్నాడు పొద్దున్న ప్రాజెక్టు ఆసుపత్రికి సింహాచలాన్ని చూడ్డానికి వెళ్లేను. మంచం మీద కూర్చుని ఉప్మా తింటున్నాడు. నేను వేసింది పొట్లం ముడని అతనికి అప్పటికే తెలుసు. క్షమించమని అడగబోయేను.

"ముడి ఊసు వదిలీ, సావుకారూ. పొట్లం కట్టీసేవు, ఏటైపోనాది ఇప్పుడు? నాను సెప్పాల్సింది ఏరే ఉంది." ప్లేటు పక్కన పెట్టేడు. "ఆ వల్లో పడ్డాక నాకు పిచ్చెత్తిపోనాది. కొట్టుకుంటే గాలి అయిపోద్దని తెలుసు, అయినా కొట్టుకున్నాను. అప్పుడు నువ్వొచ్చి నా బుజం మీద సెయ్యేసి కూకున్నావు గదా. ఆ సెయ్యి తగిలేకే గుండె నిలబడ్డాది. కదలకుండా ఉండిపోనాను. లేపోతే ఆ గాలి అంతసేపు వచ్చునేటి?"

నేను మంచం పక్కకి స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"మద్దిలో ఓపాలి వదిలీసి ఎలిపోనావు. అప్పుడు మాత్తరం సచ్చీనంత బయమేసింది. ఎంటనే వచ్చీసేవనుకో. ఎందుకెల్లావు?"

నేను అతని దగ్గరికి వచ్చింది ఒక్కసారే. వస్తూనే కత్తి తీసేను. అతని భుజం మీద నేను చెయ్యి వెయ్యలేదు.

"కత్తి జారిపోతే వెతుక్కోడానికి" అన్నాను.

"అదే అనుకున్నాను" అని మళ్లీ ఉప్మా అందుకున్నాడు.

సింహాచలం ఇప్పుడు వాళ్ల ఊళ్లోనే ఉన్నాడు. మనవలున్నారు. ఎప్పుడు వెళ్లినా వాళ్ల ముందు నన్ను కూర్చోబెట్టి, నా కుడిచెయ్యి ఎత్తి చూపించి, "ఇదే ఆ సెయ్యి, దండం ఎట్టండి" అంటాడు. పిల్లలు వరసగా వచ్చి దండాలు పెడతారు. కాదని చెప్పడానికి రెండు మూడుసార్లు నోరు తెరిచేను. కాదంటే, మరెవరిదని అడుగుతారు. ఇన్నేళ్లూ నేనూ అదే వెతుకుతున్నాను. అందుకని చెయ్యి చాపి కూర్చుంటాను. వాళ్లు దండం పెట్టడం అయ్యేదాకా దించను.